గోడ దాటిన తెల్లకణాలు

మెదడు పొరల టి.బి.లో స్టెరాయిడ్లు ఎందుకు?

ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరూ, ఊరూ వేయవద్దని కోరారు కనుక వేయడం లేదు.

"డాక్టరుగారికి నమస్కారాలు. మా పెద్దబ్బాయికి పంతొమ్మిదేళ్ళు. ఇరవై రోజులపాటు సాయంత్రమయ్యేసరికి సన్నగా జ్వరం, తలనొప్పి వచ్చేవి. మొదట మలేరియా అన్నారు, తరువాత టైఫాయిడ్ అన్నారు. చివరికి వాంతులు పట్టుకుని, మెడ బిగుసుకుపోయి, మగతగా పడివుంటే పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళాం. నడుములోంచి నీరు తీసి పరీక్ష చేసి, మెదడు పొరలకు టి.బి. అన్నారు. ఆ నీటిలో తెల్లకణాలు చాలా ఎక్కువగా వున్నాయిట. టి.బి. మందులతోబాటు స్టెరాయిడ్ కూడా ఇస్తున్నారు. ఇప్పుడు బాబు లేచి కూర్చుంటున్నాడు, అన్నం తింటున్నాడు. మా మరిది మాత్రం, 'తెల్లకణాలు రోగంతో పోరాడేవి గదా వదినా! స్టెరాయిడ్ వాటి శక్తిని తీసేస్తుంది. అది మానిపించు' అంటున్నాడు. పక్కింటివాళ్ళదీ అదే మాట. నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాను. తెల్లకణాలు మంచివే అయితే మెదడులో అవి ఎక్కువగా వుండటం మంచిదే కదా? మరి డాక్టర్లు వాటిని ఎందుకు అణుస్తున్నారు? ఆ మందు ఆపేయమంటారా?"

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. అమ్మా, ఆ మందు మీ అంతట మీరు ఆపవద్దు. ఒక్క పూట కూడా మానిపించవద్దు. ఎందుకు ఆపకూడదో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. మీ మరిది అడిగిన ప్రశ్న తెలివితక్కువ ప్రశ్న కాదు. వైద్యులు కూడా చాలాకాలం తర్జనభర్జనలు పడిన ప్రశ్నే అది.

అన్నీ నీలమయ్యాయి, మెదడు తప్ప

జర్మనీలో పాల్ ఎర్లిక్ అనే శాస్త్రజ్ఞుడు 1885 ప్రాంతంలో జంతువుల రక్తంలోకి రంగులు ఎక్కించి చూశాడు. కాలేయం, మూత్రపిండాలు, కండరాలు అన్నిటికీ రంగు పట్టింది. మెదడు మాత్రం తెల్లగానే వుండిపోయింది. మెదడుకు ఆ రంగు పట్టే గుణం లేదు కాబోలు అనుకున్నాడాయన.

ఆయన దగ్గర పనిచేసిన ఎడ్విన్ గోల్డ్‌మన్ 1913లో దీన్ని తిరగేసి చేశాడు. రంగును రక్తంలోకి కాక, మెదడు చుట్టూ వుండే నీటిలోకి ఎక్కించాడు. ఈసారి మెదడంతా నీలమైంది, తక్కిన శరీరానికి రంగు అంటలేదు! అంటే మెదడుకు రంగు పట్టే గుణం వుంది. రంగు అక్కడిదాకా చేరకపోవడానికి కారణం వేరే వుంది. రక్తానికీ మెదడుకూ మధ్య ఏదో అడ్డుగోడ వుంది. తరువాత లీనా స్టెర్న్ అనే శాస్త్రజ్ఞురాలు ఈ అడ్డుకు పేరు పెట్టి, దాని మీద ఎన్నో ఏళ్ళు పరిశోధన చేసింది.

ఆ గోడ ఎక్కడ వుందో కంటికి కనిపించింది మాత్రం 1967లో, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద. అది మెదడు చుట్టూ కట్టిన ప్రహరీ కాదు. మెదడులో వున్న ప్రతి సన్న రక్తనాళం లోపలి పూతే ఆ గోడ. ఈ సన్న నాళాలన్నిటినీ ఒకదాని చివర ఒకటి కలిపి పరిస్తే సుమారు 600 కిలోమీటర్ల పొడవు వుంటుందని లెక్క. హైదరాబాదు నుంచి విశాఖపట్నం దాకా ఇంచుమించు అంత దూరం!

ఒంట్లో మిగతాచోట్ల సన్న రక్తనాళాల కణాల మధ్య చిన్న చిన్న సందులుంటాయి. వాటిగుండా నీరు, లవణాలు, మందులు అటూ యిటూ పోతూవుంటాయి. మెదడులోని నాళాల్లో అలా కాదు. కణానికీ కణానికీ మధ్య గట్టి కుట్టు వేసినట్లు అతుకులుంటాయి. బయటివైపు నుంచి ఆస్ట్రోసైట్లనే మెదడు కణాలు తమ కొసలతో నాళాన్ని చుట్టుకుని, ఆ కుట్టు సడలకుండా చూస్తాయి. ఆక్సిజన్ సులభంగా దాటుతుంది. చక్కెరను లోపలికి చేరవేయడానికి వేరే ద్వారాలున్నాయి. తక్కినవాటిలో ఎక్కువ భాగానికి ప్రవేశం లేదు.

తెల్లకణాలకూ అంతే. ఒక ఘన మిల్లీమీటరు రక్తంలో మామూలుగా 4,000 నుంచి 11,000 వరకు తెల్లకణాలు వుంటాయి. మెదడునూ వెన్నుపామునూ తడుపుతూ వుండే నీటిలో, అదే ఘన మిల్లీమీటరుకు, 5కు మించి వుండవు. శరీరాన్ని కాపాడే సైన్యాన్ని ప్రకృతి మెదడు గుమ్మం బయటే నిలబెట్టింది. మెదడు పుర్రె అనే గట్టి పెట్టెలో వుంది. కాలికి దెబ్బ తగిలి వాస్తే ఆ వాపు బయటికి పొంగుతుంది. మెదడు వాస్తే పొంగడానికి చోటు లేదు. అదీగాక చెడిపోయిన చర్మం మళ్ళీ వస్తుంది గాని, చచ్చిపోయిన మెదడు కణం మళ్ళీ రావడం దాదాపు లేదు. అందువల్ల అక్కడ యుద్ధం జరగకుండా వుండటమే మేలు.

గోడకు కబురు అందితే

మరి మీ అబ్బాయి వెన్ను నీటిలోకి తెల్లకణాలు ఎలా వచ్చాయి?

టి.బి. క్రిమి సాధారణంగా ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. అక్కణ్ణుంచి రక్తంలో పడి కొన్ని క్రిములు మెదడు మీదనో, దాని పొరల్లోనో చిన్న గడ్డలా దాక్కుని వుండవచ్చు. నెలలు, ఒక్కోసారి ఏళ్ళు, ఏ బాధా వుండదు. ఆ గడ్డ చితికి, క్రిములు మెదడు చుట్టూ వున్న నీటిలో పడ్డ రోజున రోగం మొదలవుతుంది. ఈ సంగతిని 1933లో రిచ్, మెకార్డాక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వివరించారు.

మెదడులోనూ, పొరల్లోనూ కాపలా కణాలు కొన్ని ఎప్పుడూ వుంటాయి. అవి క్రిమిని గుర్తుపట్టగానే సైటోకైన్లనే రసాయనాలను విడుదల చేస్తాయి. ఇవే కబుర్లు. మనం వాపు, మంట అనేదీ, డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అనేదీ ఇక్కడే మొదలవుతుంది. ఈ కబురు రక్తనాళం గోడకు చేరగానే అక్కడ రెండు మార్పులు వస్తాయి.

మొదటిది: అప్పటిదాకా నున్నగా వున్న నాళం లోపలివైపు, పల్లేరుకాయ ముళ్ళలాగా, పట్టుకునే అణువులు మొలుస్తాయి. రక్తంలో వేగంగా కొట్టుకుపోతున్న తెల్లకణం వాటికి తగిలి నెమ్మదిస్తుంది. బంతిలా గోడ వెంట దొర్లుతుంది. కాసేపటికి గట్టిగా అతుక్కుని నిలిచిపోతుంది. తరువాత తన ఆకారాన్ని సాగదీసుకుని, కణాల మధ్య నుంచో, ఒక్కొక్కప్పుడు కణంలోంచో దూరి అవతలికి పోతుంది. ఈ దాటడం ఎక్కువగా సన్న నాళాలు కలిసి చిన్న సిరలుగా మారేచోట జరుగుతుంది.

రెండవది: గట్టి కుట్టు సడలుతుంది. దాటిన కణాలు కొన్ని వదిలే ఎంజైములు ఆ కుట్టును మరికాస్త కోస్తాయి. ఆ సందుల్లోంచి రక్తంలోని మాంసకృత్తులు, నీరు లోపలికి ఊరతాయి. అందుకే ఈ జబ్బులో వెన్ను నీటిలో ప్రొటీను పెరుగుతుంది, చక్కెర తగ్గుతుంది, తెల్లకణాల సంఖ్య అయిదు దాటి వందల్లోకి పోతుంది. మీకు డాక్టర్లు చెప్పిన "తెల్లకణాలు ఎక్కువ" అనే మాటకు అర్థం ఇది. గోడ తెరుచుకున్నదని ఆ నీరు సాక్ష్యం చెప్పింది.

ఇంకో సంగతి గమనించండి. లోపలికి వచ్చిన ప్రతి కణమూ మళ్ళీ కబుర్లు పంపుతుంది. ఆ కబుర్లకు మరికొన్ని కణాలు వస్తాయి. ఎవరో ఒకరు ఆపకపోతే ఇది దానంతట అది పెరుగుతూనే వుంటుంది.

ఆర్పడానికి వచ్చినవాళ్ళ వల్ల నష్టం

కొంపకు నిప్పంటుకుంటే ఊరంతా పరుగెత్తుకొస్తుంది. మంట ఆరుతుంది, నిజమే. కాని తలుపులు విరుగుతాయి, కుండలు పగులుతాయి, వడ్లు తడిసిపోతాయి. ఈ జబ్బులోనూ అంతే. తెల్లకణాలు లేకపోతే క్రిమిని ఎదుర్కొనేవారే లేరు. కాని అవి చేరినచోట చిక్కని జిగురులాంటి పదార్థం తయారవుతుంది. ముఖ్యంగా మెదడు అడుగుభాగాన అది పేరుకుంటుంది.

మెదడు అడుగున వున్నవి మామూలువి కావు. కంటికీ, చెవికీ, ముఖానికీ పోయే నరాలు అక్కడే బయలుదేరతాయి. జిగురు వాటిని చుట్టేస్తే మెల్లకన్ను వస్తుంది, చూపు మందగిస్తుంది. మెదడుకు రక్తం తెచ్చే పెద్ద ధమనులు అక్కడివే. వాటి గోడలు వాచి లోపల దారి ఇరుకైతే పక్షవాతం వస్తుంది. మెదడులో రోజుకు సుమారు అర లీటరు నీరు తయారై, అంతా తిరిగి రక్తంలోకి పోవాలి. ఆ నీరు పోయే కాలువలు జిగురుతో పూడుకుపోతే నీరు నిలిచి, మెదడును లోపలినుంచి నొక్కుతుంది. అప్పుడు శస్త్రచికిత్సతో గొట్టం వేసి ఆ నీటిని మళ్ళించవలసి రావచ్చు.

అంటే ఈ జబ్బులో జరిగే నష్టంలో చాలా భాగం క్రిమి స్వయంగా చేసింది కాదు, క్రిమి మీదికి వచ్చిన సైన్యం చేసింది. ఎలుకల బాధ పడలేక ఇంటికి నిప్పు పెట్టుకున్న సామెత ఇక్కడ అక్షరాలా నిజమవుతుంది.

స్టెరాయిడ్ చేసే పని

ఇప్పుడు మీ ప్రశ్నకు వద్దాం. డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్ ఆ కబుర్లను తగ్గిస్తుంది. పట్టుకునే ముళ్ళు తక్కువగా మొలుస్తాయి. సడలిన కుట్టు బిగుస్తుంది, నీరు ఊరడం తగ్గుతుంది. క్రిమిని చంపే పని టి.బి. మందులది. ఆ పోరులో మెదడు నలిగిపోకుండా చూడటం స్టెరాయిడ్ పని. రెండూ కలిసే నడవాలి. టి.బి. మందు లేకుండా స్టెరాయిడ్ ఒక్కటే ఇస్తే అది అపాయం. మీ మరిది భయం అక్కడయితే సబబే.

ఇది కేవలం ఊహ కాదు. వియత్నాంలో మెదడు పొరల టి.బి. వచ్చిన, 14 ఏళ్ళు దాటిన 545 మందితో చేసిన పరిశీలన 2004లో వెలువడింది. అందరికీ టి.బి. మందులు ఇచ్చారు. సగం మందికి డెక్సామెథసోన్, తక్కిన సగం మందికి మందు లేని ఉత్తి ఇంజెక్షన్లూ, మాత్రలూ ఇచ్చారు. తొమ్మిది నెలల్లో, స్టెరాయిడ్ తీసుకోనివారిలో నూటికి 41 మంది చనిపోగా, తీసుకున్నవారిలో నూటికి 32 మంది చనిపోయారు. ప్రతి వందమందిలో తొమ్మిది ప్రాణాలు దక్కాయన్నమాట. అయితే బతికినవారిలో అంగవైకల్యం మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. అందుకే చికిత్స ఎంత తొందరగా మొదలైతే అంత మంచిదని పదేపదే చెప్పవలసి వస్తున్నది. హెచ్.ఐ.వి. కూడా వున్న రోగుల మీద చేసిన పరిశీలన 2023లో వచ్చింది. వారిలో ఇంత స్పష్టమైన లాభం కనిపించలేదు. కనుక ఎవరికి ఇవ్వాలో, ఎన్నాళ్ళు ఇవ్వాలో వైద్యుడే నిర్ణయించాలి.

స్టెరాయిడ్ మోతాదును సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాల్లో, మెట్లు దిగినట్లు కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. హఠాత్తుగా మానేస్తే అణిగివున్న వాపు మళ్ళీ పైకి లేస్తుంది. పైగా మందు వాడినన్నాళ్ళూ విశ్రాంతి తీసుకుంటున్న మన ఒంటి స్టెరాయిడ్ గ్రంథులు వెంటనే పని అందుకోలేవు.

తలుపు పూర్తిగా మూసేస్తే?

"అయితే తెల్లకణాలను మెదడులోకి అసలే రానివ్వకుండా చేస్తే సరిపోతుంది కదా?" అని చురుకైన పాఠకులు అడగవచ్చు. దానికీ అనుభవం వుంది.

మల్టిపుల్ స్క్లిరోసిస్ అని ఒక జబ్బు వుంది. అందులో క్రిమి ఏదీ లేకుండానే తెల్లకణాలు గోడ దాటివచ్చి, నరాల మీది తొడుగును కొరికేస్తాయి. నాళం గోడను పట్టుకోవడానికి తెల్లకణానికి వుండే కొక్కేన్ని కప్పివేసే నటాలిజుమాబ్ అనే మందు 2004లో అమెరికాలో అనుమతి పొందింది. జబ్బు తిరగబెట్టడం బాగా తగ్గింది. కాని కొద్ది నెలలకే, 2005 ఫిబ్రవరిలో, దాని అమ్మకం ఆపేశారు. మనలో చాలామంది ఒంట్లో చప్పుడు లేకుండా పడివుండే ఒక వైరస్, కాపలా లేని మెదడులో విజృంభించి, కొందరిని బలి తీసుకున్నది. గట్టి జాగ్రత్తలతో ఆ మందు 2006లో మళ్ళీ వాడుకలోకి వచ్చింది.

దీనివల్ల తేలింది ఏమంటే, మెదడు తలుపు బార్లా తెరిచివుంచినా ప్రమాదమే, పూర్తిగా బిగించినా ప్రమాదమే. ఎంత తెరవాలన్నదే వైద్యం. అందుకే ఈ మందుల మోతాదు ఇరుగుపొరుగువారి సలహాతో మార్చేది కాదు.

మందులు కూడా గోడ దాటాలి

ఈ గోడ మంచీ చెడూ చూడదు. క్రిమినాశక మందులను కూడా అడ్డగిస్తుంది. పెన్సిలిన్ వంటివి ఆరోగ్యంగా వున్న మెదడు పొరలను అంతగా దాటవు. వాపు వచ్చి గోడ సడలినప్పుడు మాత్రం తగినంత లోపలికి పోతాయి. రోగి తేరుకుంటున్నకొద్దీ గోడ మళ్ళీ బిగుస్తుంది, మందు వెళ్ళడం తగ్గుతుంది. మామూలు మెనింజైటిస్‌లో "జ్వరం తగ్గింది గదా" అని ఇంజెక్షన్ల మోతాదు తగ్గించకపోవడానికి కారణం ఇదే.

టి.బి. మందుల్లో ఐసోనియాజిడ్, పైరజినమైడ్ గోడను బాగానే దాటుతాయి. రిఫాంపిసిన్ కొద్దిగానే దాటుతుంది. అందువల్ల ఊపిరితిత్తుల టి.బి.కి ఆరు నెలలు చాలినా, మెదడు పొరల టి.బి.కి మందులు తొమ్మిది నెలల నుంచి ఏడాది వరకు వాడమంటారు. గోడను బిగించే స్టెరాయిడ్ వల్ల టి.బి. మందులు లోపలికి పోవేమోననే శంక పూర్వం వైద్యులకూ వుండేది. ఆ మందు వాడినవారిలోనే ఎక్కువమంది బతకడం చూశాక ఆ శంక చాలావరకు తీరింది.

ఇంటివాళ్ళు గుర్తుంచుకోవలసినవి

మీ అబ్బాయి విషయంలో ఇరవై రోజులు గడిచిపోయాయి. మీ తప్పేమీ లేదు, ఈ జబ్బు దొంగలా వస్తుంది. తక్కిన పాఠకుల కోసం ఈ నాలుగు మాటలు.

వారం దాటినా వదలని జ్వరం, దానితోబాటు రోజురోజుకూ పెరిగే తలనొప్పి, వాంతులు, మనిషి మందకొడిగా మారడం కనిపిస్తే వైద్యుడికి చూపించి, మెదడు పొరల సంగతి కూడా అడగండి. పిల్లల్లో ఆటపాటల మీద ధ్యాస లేకపోవడం, ఊరికే చిరాకుపడటం, బరువు తగ్గడం తొలి గుర్తులు కావచ్చు. పసిబిడ్డకు మాడు ఉబ్బితే అశ్రద్ధ చేయవద్దు. మెడ బిగుసుకోవడం, మెల్లకన్ను, మూర్ఛ, మగత వస్తే ఆ పూటే పెద్దాసుపత్రికి చేర్చాలి.

నడుములో సూది వేసి నీరు తీస్తే కాళ్ళు పడిపోతాయని చాలామందికి భయం. వెన్నుపాము నడుముకు పైనే ముగుస్తుంది. సూది వేసేది దానికి కింద, నీరు మాత్రమే వుండి నరాల పోగులు తేలుతూ వుండేచోట. 1891 నుంచి జరుగుతున్న పరీక్ష అది. అవసరమైతే వైద్యుడు ముందుగా తలకు స్కాన్ తీయిస్తాడు. ఈ భయంతో ఒక రోజు వాయిదా వేస్తే పోయేది చూపు కావచ్చు, ప్రాణమే కావచ్చు.

మందులు వాడేటప్పుడు మూత్రం నారింజ రంగులో వస్తే కంగారుపడవద్దు, అది రిఫాంపిసిన్ రంగు. కళ్ళు పచ్చబడినా, అన్నం సహించక వాంతులవుతున్నా, చూపులో తేడా వచ్చినా వెంటనే చెప్పాలి. స్టెరాయిడ్ వాడేవారికి రక్తంలో చక్కెర పెరగవచ్చు, కడుపులో మంట రావచ్చు. డాక్టరు రమ్మన్న రోజున తప్పక వెళ్ళి చూపించుకోవాలి. చికిత్స మొదలైన కొన్ని వారాలకు జ్వరమో, తలనొప్పో తిరిగి రావచ్చు. చస్తున్న క్రిముల మీద సైన్యం మళ్ళీ విరుచుకుపడటం వల్ల కూడా అలా జరుగుతుంది. మందు పనిచేయడం లేదని మానేయక, ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

ఇంట్లో ఎవరికైనా విడవని దగ్గు వుంటే కళ్ళె పరీక్ష చేయించండి. పరీక్షలూ, టి.బి. మందులూ ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. పుట్టిన బిడ్డకు బి.సి.జి. టీకా తప్పక వేయించండి. పెద్దవాళ్ళ ఊపిరితిత్తుల టి.బి.ని అది అంతగా ఆపలేదు గాని, పసివాళ్ళను ఈ మెదడు పొరల టి.బి. నుంచి చాలావరకు కాపాడుతుంది.

అమ్మా, మీ మరిదికి ఈ పేజీ చదివి వినిపించండి. తెల్లకణాలు మంచివేనన్న ఆయన మాట నిజమే. కాని మంచివాళ్ళయినా సరే, చిన్న గదిలోకి వందలమంది ఒక్కసారి తోసుకువస్తే లోపల పడుకున్నవాడికి ఊపిరాడదు. మీ డాక్టర్లు వాళ్ళను వెళ్ళగొట్టడం లేదు, గుమ్మం దగ్గర నిలబడి వరసలో పంపుతున్నారు. బాబు లేచి కూర్చుని అన్నం తింటున్నాడంటే ఆ పని సవ్యంగా జరుగుతున్నట్లే. ఆఖరి మాత్ర వరకు జాగ్రత్తగా మింగించండి.